మతిమరుపు సర్జనుగారు

మా వార్డు సర్జనుగారికి మతిమరుపు. కళ్ళజోడు ఎక్కడ పెట్టారో మర్చిపోయే రకం కాదు. ఇప్పుడే తన నోటితో చెప్పింది తనకే గుర్తుండదు. పదేళ్ళు ఆయన దగ్గర నర్సుగా చేశాను, నాకు తెలుసు. రోగికి ఆపరేషన్ గురించి అరగంట చెప్పి, చివర్లో తల గోక్కుని, "ఇంతకీ నేనేం చెప్పానండీ?" అనేవారు.

ఒక లెక్కల మాష్టారైతే మంచం మీదే లేచి కూర్చుని, ఆయన చేత మూడుసార్లు అప్పజెప్పించుకుని గానీ వదల్లేదు. "ఈయన పరీక్షలెలా పాసయ్యాడమ్మా?" అని నన్నడిగారు.

ఓసారి బట్టలు కుట్టే ఒకావిడ చేరింది. చిన్నపేగులో గడ్డ, చాలా అరుదైన రకం. పాకకముందే తీసేస్తే గండం గడిచినట్టే. డాక్టరుగారు ఉన్న దారులన్నీ వివరిస్తుంటే ఆవిడ బిక్కచచ్చిపోయి అన్నిటికీ తలూపింది. అలా తలూపినవాళ్ళు తెల్లారేసరికి సంచీ సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవడం చూశాను.

"అమ్మా, నేనేం చెప్పాను?"

"పేగు కోసి..." అని భర్త అందుకున్నాడు.

"మీరు చెప్తే నాకు ఎక్కదు సార్. ఆవిడ చెప్పాలి."

"అంతా మీ ఇష్టం డాక్టరుగారూ."

"నా ఇష్టమేంటో కూడా మర్చిపోయానమ్మా!"

ఆవిడకి చిర్రెత్తుకొచ్చింది. "గడ్డ ఉన్న ముక్క తీసేస్తారు. గడ్డ అంచునే కోస్తే దాని పోగు మిగిలిపోవచ్చు కాబట్టి అటూ ఇటూ కాస్త మంచి పేగు, పక్కనున్న గ్రంథులూ కలిపి తీస్తారు. మిగిలిన రెండు కొసలూ కలిపి కుడతారు. పొట్ట బారుగా కోసి చెయ్యొచ్చు, చిన్న కన్నాల్లోంచి చెయ్యొచ్చు." ఆగింది. "అవునూ, ఇంకో గడ్డ దాక్కుని ఉంటే? కన్నంలోంచి చెయ్యి పట్టదుగా?"

"బొడ్డు దగ్గర చిన్న గాటు పెట్టి, పేగు బయటికి తీసి, అంతా వేళ్ళతో తడిమి చూస్తాను."

"కుట్టు తడిమినట్టన్నమాట. అయితే అలాగే కానివ్వండి," అంది ఆవిడ.

వరండాలోకి వచ్చాక ఉండబట్టలేక అన్నాను: "మీరు మతిమరుపుకి మందు వాడండి సార్."

"వద్దు సిస్టర్. భయపడ్డవాళ్ళని అర్థమైందా అంటే తలూపుతారు. మతిలేనివాడు దొరికితే జాలిపడి పాఠం చెప్తారు. చెప్తూ చెప్తూ వాళ్ళ భయం పోతుంది," అన్నారు. నాకు సిగ్గేసింది. పదేళ్ళుగా ఆయన్ని చూసి నవ్వుకుంటున్నాను మరి.

ఆపరేషన్లో మరో రెండు బుల్లి గడ్డలు వేళ్ళకి తగిలాయి. అవీ తీసేశారు. మర్నాడు ఆవిడకి అంతా వివరించి, డాక్టరుగారు తల గోక్కున్నారు.

ఆవిడ పొట్ట పట్టుకుంది. "నవ్వించకండి డాక్టరుగారూ, కుట్లు ఊడతాయి! కూర్చోండి, మొదట్నుంచీ చెప్తాను."