షినార్ శనివారాలు

మా షినార్‌ని తాగుబోతు అన్నవాళ్ళ నోళ్ళు పడిపోను. ఆమె తాగేది వారానికి మూడు చిన్న గ్లాసులు, అదీ శనివారం ఒక్కరోజు. ఆ మాట అన్నవాళ్ళలో సగం మంది పెళ్ళి విందుల్లో బల్ల కిందికి జారిపోయి, ఇంటిదాకా మోయించుకున్నవాళ్ళే. మా ఊరు కరగందలో మిఠాయి ఫ్యాక్టరీ జెల్లీ విభాగంలో ఆమె పక్కన నిలబడి ఇరవై రెండేళ్ళు పనిచేశాను. ఒకే మెట్ల మీద ఆమెది నాలుగో అంతస్తు, నాది రెండోది. ఆమె గురించి మాట్లాడే హక్కు నాకు కాక ఇంకెవరికుంటుంది?

ఆమె భర్త వదిలేసి వెళ్ళినప్పుడు ఆమెకు ముప్ఫై ఒకటి. పిల్లల్లేరు. ఆ తర్వాత కొన్నేళ్ళకు తమ్ముడు సెర్జాన్ పెళ్ళి చేసుకుని వేరు కాపురం పెడుతూ తన పాత వీడియో గేమ్ పెట్టెను అక్క ఇంట్లో పడేసి పోయాడు. ఏదో పొద్దుపోక మొదలుపెట్టిన మనిషి, నెల తిరిగేసరికి రాక్షసుల్ని నరుకుతూ కూర్చుంది. ఒకరోజు ఆట ఆపి నన్ను అడిగింది:

"గలియా, ఈ ఎర్ర సీసా తాగితే పోయిన ప్రాణం నిండుతుందట. దాని రుచి ఎలా ఉంటుందంటావ్?"

"దగ్గు మందులా ఉంటుంది. నోరు మూసుకుని ఆడు," అన్నాను.

ఆమె ఆడలేదు. లేచి వంటింట్లోకి పోయింది.

ఎర్ర సీసా మొదటి వారంలోనే కుదిరింది. కోరిందపండ్ల జామ్, నల్లద్రాక్షలా ఉండే మా తోటపండ్ల రసం, వోడ్కా, చిటికెడు మిరియాలు. గొంతు దిగాక ఛాతీలో వెచ్చగా కూర్చునేది. ఆటలోని ఆకుపచ్చ విషం సీసా ఇంకా తేలిక, అంగట్లో దొరికే ఆకుపచ్చ సోడాలో దోసకాయ రసం పిండితే చాలు. ఏడిపించింది నీలం సీసా. మంత్రశక్తి పెంచే సీసా అది. మూడు నెలలు తంటాలు పడి, చివరికి ఊదారంగు క్యాబేజీ ఉడికించిన నీళ్ళలో రవ్వంత వంటసోడా కలిపి ఆ నీలాన్ని పట్టుకుంది. వాసన పోయేదాకా మరో నెల. పైనుంచి నిమ్మరసం నాలుగు చుక్కలు పడితే గ్లాసులోనే నీలం కాస్తా గులాబీ అయిపోయేది. టాక్సీ నడిపే తులేగెన్ అది మొదటిసారి చూసి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

ఇక జెల్లీ సంగతి. పైనుంచి దిమ్మెలు పడుతుంటే వరసలు పేర్చే ఆట మాలో ఆడనివాడు లేడు. ఆ దిమ్మెల ఆకారాల్లోనే వోడ్కా జెల్లీ కోసి, పళ్ళెంలో సందు లేకుండా అమర్చేది. తినేవాళ్ళు నిండు వరస తీసుకోవాలి, మధ్యలోంచి లాగకూడదు. జెలటిన్ వాడేది కాదు. సముద్రపు నాచు పొడి మా ఫ్యాక్టరీ విద్య. పొడిని నీళ్ళలో బాగా మరిగించి దించాలి. గిన్నెకు చెయ్యి ఆనించి పది లెక్కపెట్టగలిగినప్పుడు రసమూ వోడ్కా పోయాలి. ముందు పోస్తే ఘాటంతా ఆవిరైపోతుంది, ఆలస్యమైతే ఉండలు కడుతుంది. నేనొకసారి తెలివి ఎక్కువై పుల్లటి రసాన్ని పొయ్యి మీద ఉండగానే పోసి మరిగించాను. ఆ పళ్ళెం గట్టిపడనే లేదు. గరిటెతో గ్లాసుల్లో పోసుకు తాగాం. ఆరేళ్ళయింది, ఇప్పటికీ ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

శనివారం మధ్యాహ్నం అయిదుగురం చేరేవాళ్ళం. ఒక దీవెన మాట చెప్పకుండా గ్లాసెత్తడం మా దగ్గర మర్యాద కాదు. షినార్ ఇంట్లో ఆటలో చచ్చినవాళ్ళు లేచి ఆ మాట చెప్పాలి. తులేగెన్ ఎప్పుడూ ముందే చచ్చేవాడు.

"నన్ను చంపిన ఆ అస్థిపంజరం నూరేళ్ళు చల్లగా ఉండాలి. దాని ఆడపిల్లలకి మంచి సంబంధాలు కుదరాలి," అని గ్లాసెత్తేవాడు.

అదే తులేగెన్ చేతిలో మూడో గ్లాసు పెట్టుకుని జెల్లీ వైపు అనుమానంగా చూసేవాడు. "ఇందులో పంది ఎముకల సరుకు లేదు కదా? మనకి హరాం."

"నీ చేతిలో ఉన్నదేంటి బాబూ?" అనేవాళ్ళం మేం.

"ఇది వోడ్కా. దాని లెక్క వేరు."

ఇదీ ఆమె చేసిన నేరం. నలుగురు నడివయసువాళ్ళని పిలిచి కూర్చోబెట్టి నవ్వించడం.

సెర్జాన్‌కి కూతురు పుట్టింది, ఇంకార్. తల్లి మర్జాన్ ఆసుపత్రిలో ఉద్యోగానికి తిరిగి వెళ్ళాక, పొద్దుటి షిఫ్టు చేసే షినార్ మధ్యాహ్నాలన్నీ ఆ పిల్లని పెంచింది. గంజి తాగించింది ఆమె, జ్వరమొస్తే భుజాన వేసుకుని తిరిగింది ఆమె. జనవరిలో ఆ పిల్ల మొదటి అడుగులు వేసింది కూడా ఆమె వంటింట్లోనే.

నడక మొదలుపెట్టిన బిడ్డ కాళ్ళకి నలుపూ తెలుపూ దారాలు పేనిన తాడు కట్టి, అందరి ముందూ కోయిస్తాం. కోసినవాళ్ళ నడతే బిడ్డకి వస్తుంది. అందుకే ఎవరు కోయాలన్న దగ్గర మా ఇళ్ళల్లో యుద్ధాలవుతాయి. "కత్తి నీ చేతికే అక్కా," అని సెర్జాన్ మాటిచ్చాడు. షినార్ ఆ మాట నాకు చెప్పినప్పుడు ఆమె గొంతు వణికింది. భర్త వదిలి వెళ్ళిననాడు కూడా వణకని గొంతు అది.

తాడు కోసే విందు ఆదివారం. బుధవారం సాయంత్రం షినార్ ఇంటికి వాళ్ళమ్మ కులియాన్ వచ్చింది. నేనక్కడే ఉన్నాను. ఆమె కోటు కూడా విప్పలేదు. సరాసరి ఫ్రిజ్ తెరిచి జెల్లీ పళ్ళేలు చూసింది.

"నలభై మూడేళ్ళొచ్చాయి. ఇంకా ఈ బొమ్మలాటలేంటే?"

"టీ తాగుతావా అమ్మా?"

"నీ టీ ఎవడిక్కావాలి! మొగుణ్ణి నిలబెట్టుకోలేదు. ఇంట్లో సారా కొట్టు పెట్టావ్. రేపు నా మనవరాలు నీలాగే తయారవ్వాలా? తాడు మీ గౌహర్ వదిన కోస్తుంది. బడికి ప్రధానోపాధ్యాయురాలు, ముగ్గురు కొడుకుల తల్లి."

షినార్ ఫ్రిజ్ తలుపు మూసింది. కులియాన్ కాస్త మెత్తబడింది.

"సరే, విను. అంత ఆశగా ఉంటే ఒక పని చెయ్యి. విందులో చుట్టాలందరి ముందూ లేచి, ఆ శనివారాలు మానేశానని చెప్పు. కత్తి నీకే ఇప్పిస్తా."

"ఒక్క మాట చెప్పేస్తే పోలా?" అన్నాను నేను, గొంతు తగ్గించి. "తర్వాత నువ్వు మానావో లేదో ఎవడు చూడొచ్చాడు?"

షినార్ నా వైపు చూసిన చూపుకి నాకే సిగ్గేసింది.

"చెప్పనమ్మా," అంది.

"అయితే అనుభవించు," అని కులియాన్ తలుపు విసిరికొట్టి పోయింది. ఆ రాత్రి షినార్ ఏడ్చిందని నాకు తెలుసు, మర్నాడు ఫ్యాక్టరీలో కళ్ళు చూశాను.

గురువారం మర్జాన్ పిల్లనెత్తుకుని వచ్చింది. కోడలు పాపం, అత్తగారి ముందు గొంతెత్తని పిల్ల. కోటు జేబులోంచి పేనిన తాడు తీసింది.

"వదినా, ఇప్పుడే కోసేయండి. ఎవరికీ చెప్పను. ఆదివారం ఆవిడ కోస్తే కోసుకోనివ్వండి, మనకి తెలుసు కదా ముందు ఎవరు కోశారో."

షినార్ తాడు చేతిలోకి తీసుకుంది. బొటనవేలితో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా నిమిరింది. తర్వాత తిరిగి మర్జాన్ జేబులోనే పెట్టేసింది.

"వద్దు మర్జాన్. దొంగచాటుగా కోస్తే దీనికి దొంగ నడకే వస్తుంది. నా బంగారుతల్లి తలొంచుకుని గోడవార నడుస్తుందా? వద్దు."

మర్జాన్ పిల్లకి టోపీ పెట్టి వెళ్ళిపోయింది.

ఆదివారం ఆమె విందుకి రాదనుకున్నాం. ఎలా వస్తుంది? ఆకుపచ్చ పట్టు గౌను వేసుకుని, పెదాలకి ఎర్రరంగు పూసుకుని, నా చెయ్యి పట్టుకుని మరీ వచ్చింది. మమ్మల్ని తలుపు పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టారు, ఎవరికీ తెలియని దూరపు చుట్టాల మధ్య. షినార్ వెన్ను వంచలేదు. వేళ్ళు మాత్రం బల్ల కింద నా చేతిని నలిపేస్తున్నాయి.

మాంసం పళ్ళేలు తిరిగాక, విందు నడిపే పెద్దమనిషి మైకు పట్టుకుని గౌహర్‌ని పిలిచాడు. నేల మీద తెల్లగుడ్డ పరిచారు. మర్జాన్ పిల్లని దాని మీద నిలబెట్టి, కాళ్ళకి తాడు కట్టి, పట్టుకుని కూర్చుంది. గౌహర్ కత్తితో వంగింది. మర్జాన్ చెయ్యి అడ్డంపెట్టింది.

"మీరు కాదండీ. దీని మేనత్త కోయాలి."

సెర్జాన్ తన పళ్ళెంలో ఉన్న గుర్రపు మాంసాన్ని పుట్టి బుద్ధెరిగి చూడనట్టు చూస్తున్నాడు. మొగాడు!

"మర్జాన్, చెయ్యి తియ్యి," అంది కులియాన్.

"తియ్యను అత్తయ్యా. దీన్ని నడిపించింది ఆవిడే."

గౌహర్ మంచిదే. నిఠారుగా నిలబడి, "పిల్ల తల్లి మాటే మాట," అని కత్తిని పళ్ళెంలో పెట్టేసింది. ఇక కులియాన్ మా బల్ల వైపు తిరిగింది.

"సరే, రమ్మనండి. వచ్చి ముందు అందరికీ చెప్పమనండి, ఆ సీసాలూ ఆ ఆటలూ వదిలేశానని!"

షినార్ లేచింది. ఆ హాలంతా దాటి తెల్లగుడ్డ దాకా నడిచింది. మైకు తీసుకోలేదు, ఆమెకి అక్కర్లేదు కూడా. యంత్రాల హోరులో ఇరవై రెండేళ్ళు కేకలేసిన గొంతు.

"వదల్లేదమ్మా. వచ్చే శనివారం కూడా ఉంది. నాలుగో అంతస్తు, ఎవరైనా రావచ్చు. ఆయన నన్ను వదిలేసి వెళ్ళిన చలికాలం నా తలుపు మీలో ఒక్కరు తట్టలేదు. కొన్నేళ్ళకి నేనే ఏదో ఒకటి పట్టుకుని లేచి నిలబడ్డాను. పట్టుకున్నది ఆటయితేనేం, జెల్లీ అయితేనేం? నాకు సిగ్గు లేదు. ఈ బిడ్డని ఈ చేతులతో పెంచాను. ఈ కత్తి కోసం ప్రాణం కొట్టుకుపోతోంది, నిజం. కానీ అబద్ధం చెప్పి కోస్తే దీనికి నా అబద్ధమే అంటుకుంటుంది. నన్ను నాలాగే ఉండి కోయనిస్తే కోస్తాను. లేదంటే గౌహర్ వదిన కోస్తుంది, నేను చప్పట్లు కొడతాను."

మర్జాన్ పళ్ళెంలోంచి కత్తి తీసి, పిడిని షినార్ వైపు తిప్పి, ఆమె చేతిలో పెట్టింది.

ఒక్క కోతకి తాడు తెగింది. ఇంకార్ ఒక అడుగు వేసింది, రెండు, మూడు, నాలుగు. అయిదోదానికి కాలు మడతపడి దభీమని కూలబడింది. హాలంతా "అయ్యో" అంది. నా వెనక ఎవరో, "చెప్పలా? అపశకునం," అన్నారు. కులియాన్ రెండు చేతులూ చాచి పరిగెత్తింది.

"ముట్టుకోకమ్మా," అంది షినార్. "ఎవరూ ముట్టుకోకండి."

తను కూడా ముట్టుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చూస్తోందంతే. ఇంకార్ పెదవి విరిచింది. చుట్టూ చూసింది. ఎత్తుకునేవాళ్ళెవరూ లేరని తేల్చుకుని రెండు అరచేతులూ నేలకి ఆనించి, పిర్ర పైకెత్తి, వగరుస్తూ లేచి నిలబడింది. నాన్నమ్మ చాచిన చేతుల పక్కనుంచి కోపంగా నడిచి పోయింది.

కులియాన్ చేతులు దించింది.

"ఛీ, మొండిఘటం. అచ్చం దాని మేనత్తే," అంది.

తిట్టుగానే అంది. అననీ.