రెండో టిక్కు

ఆ రోజుల్లో హైదరాబాదులో ఉద్యోగం అంటే చాలు, మా గోదావరిఖనిలో ఎవరూ ఏం ఉద్యోగమని అడిగేవారు కాదు. ఎంత పెద్ద కుర్చీయో, గదికి ఎన్ని ఏసీలో వాళ్ళే ఊహించుకుని, చూసినట్టే చెప్పుకునేవారు. నేను ఒక మందుల కంపెనీలో కాపీ ఎడిటర్‌గా చేరాను. అంటే ఇంకొకరు రాసినదాన్ని దిద్దడం. పొద్దున ఒక కామా తీసేసి, మధ్యాహ్నమంతా దాని గురించి బాధపడి, సాయంత్రం మళ్ళీ అక్కడే పెట్టడం. సొంతంగా ఒక్క వాక్యం రాసినా తప్పే. మా అమ్మ మాత్రం "కంపెనీల రాసుడంత మావోడే" అని కాలనీ అంతా చాటింది. (దిద్దడమే బతుకుతెరువైనవాణ్ణి, ఆ ఒక్క మాటను మాత్రం దిద్దలేదు.) ఎందుకంటే ఆ మాట మా మేనమామ చెవిన పడింది, మామకు ఒక కూతురుంది.

మామ బొగ్గుబాయిలో షాట్‌ఫైరర్. బొగ్గు పొరకు తొలిచిన రంధ్రాల్లో పేలుడు మందు దట్టించి, అందర్నీ దూరంగా పంపి, పేల్చడం ఆయన పని. ఆయన మీసం చూస్తే బొగ్గు తనంతట తానే రాలి పడుతుందని మా చిన్నప్పుడు నమ్మేవాళ్ళం. పెళ్ళిమాట కదిపినప్పుడు ఆయన అమ్మతో ఒకటే అన్నాడు: "అక్కా, అబద్ధాలాడెటోనితోని నేను బాయిలకే దిగ. గసొంటోనికి పిల్లనిస్తనా? మీవోడు రాస్తడంటున్నవు గద, ఒక్కసారి కండ్లతోని చూడనియ్యి."

ఆ చూపించే యోగం మా కంపెనీయే తెచ్చిపెట్టింది. కీళ్ళనొప్పులకు అప్పట్లో మావాళ్ళు ఒక సూదిమందు తయారు చేస్తున్నారు. నర్సు అక్కర్లేదు, పెన్ను లాంటి గొట్టం తొడకు ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు మందును నెట్టేస్తుంది. మందు మాది, పెన్ను వేరే కంపెనీది. విడివిడిగా రెండూ అన్ని పరీక్షల్లోనూ నెగ్గాయి. కలిపాకే కొత్తగా కాపురం పెట్టిన జంటలా పేచీలు మొదలయ్యాయి. ఏదైనా తేడా వస్తే మందు తరఫు మేడం పెన్ను వైపు చూసేది, పెన్ను తరఫు సారు మందు వైపు చూసేవాడు. వాడే పద్ధతి చెప్పే కాగితం కూడా చెరి సగం రాశారు. పై సగం మేడం రాసింది: మందును ఫ్రిజ్‌లోనే ఉంచాలి. కింది సగం సారు రాశాడు: మూత తీసి వెంటనే నొక్కాలి, టిక్కుమని రెండుసార్లు వినిపించాక తీసేయాలి. వాక్యాలు రెండూ అద్దంలా ఉన్నాయి, నాకు కామా పెట్టే సందు కూడా దొరకలేదు. కానీ పని చేసినట్టు కనపడాలి కాబట్టి అంచున ఒక ప్రశ్న రాశాను: "రెండో టిక్కు వినపడకపోతే ఏం చేయాలి?" అది పెన్ను సంగతి అంది మేడం. అది మందు చిక్కదనం సంగతి అన్నాడు సారు. మొదటిసారి ఇద్దరూ ఒక్క గొంతుతో, "నువ్వు దిద్దు, రాయకు" అన్నారు.

తర్వాత, మామూలు మనుషులు ఆ కాగితం ఒక్కటే చదువుకుని పెన్ను వాడగలరా అని చూడాలన్నారు. నేను నోరు జారి మా ఊరి పేరు చెప్పాను. మే నెల, మా కాలనీ కమ్యూనిటీ హాలు. (ఆ ఎండకు కాకులు నడిచి వెళ్తున్నాయి.) ఐసు డబ్బాలో పెన్నులు, బల్ల మీద తొడకు బదులు బత్తాయిలు, పెన్నుల్లో అసలు మందుకు బదులు అంతే చిక్కటి ద్రవం. షరతు ఒకటే, చూసేవాళ్ళు ఎవరూ నోరు విప్పకూడదు, సాయం చేయకూడదు. మొదటి కుర్చీలో మామ. కిటికీ దగ్గర, మజ్జిగ గ్లాసుల పళ్ళెంతో మరదలు.

మామ కాగితాన్ని చేయి చాపినంత దూరంలో పెట్టుకుని పైనుంచి కిందికి చదివి నా వైపు తిరిగాడు. "ఏం అల్లుడా, ఇది నువ్వు రాసిందేనా?"

నేను మాట్లాడకూడదు. మేడం కళ్ళు నా మీదే ఉన్నాయి.

"మాట్లాడవేందిరా? పట్నం పోయి నోరమ్ముకున్నవా?"

తుమ్ము వచ్చినట్టు నటించాను. మరదలు పెదవి కొరుక్కుంది. మామ పెన్ను తీశాడు. మూత తీశాడు. బత్తాయికి ఆనించి నొక్కాడు. టిక్కుమంది. హాలంతా రెండోదాని కోసం చెవులు రిక్కించింది. ఫ్యాను తిరుగుతోంది, మామ మీసం మీద చెమట దిగుతోంది, రెండో టిక్కు రాదు. ఆయన ఎడమచేత్తో కాగితం తీసుకుని మళ్ళీ చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు, ఖాళీ. పెన్నును బత్తాయిలో అట్లాగే నిలబెట్టి, మెల్లగా చేయి వదిలి, లేచి నిలబడ్డాడు.

"మిస్‌ఫైర్!"

జేబులోంచి ఈల తీసి ఊదాడు. "అందరు లెవ్వుండ్రి, బయటికి నడువుండ్రి! బాయిల దట్టిచ్చిన మందు పేలకుంటె అర్ధగంట దాక ఎవ్వలు దగ్గరికి పోవద్దు. రూలు."

"ఇది పెన్నండీ, బాంబు కాదు" అన్నాడు సారు.

"బాంబు కాదని ఏడ రాసిన్రు? సూపియ్యిండ్రి."

సారు నిజంగానే కాగితంలో వెతికాడు, పాపం. రెండు నిమిషాల్లో అందరం వరండాలో ఉన్నాం, తలుపుకు అడ్డంగా మామ ఎర్ర తువ్వాల వేలాడుతోంది. చల్లదనానికి మందు చిక్కబడిందని సారు, స్ప్రింగు నీరసంగా ఉందని మేడం అక్కడే మొదలుపెట్టారు. మామ చేయెత్తి ఇద్దర్నీ ఆపాడు.

"గది తర్వాత. ఈ కాయితం ఎవ్వలు రాసిన్రు?"

"సగం మేడం, సగం నేను."

"మరి మా అల్లుడు?"

"ఇతనా? కామాలు పెడతాడు."

మజ్జిగ గ్లాసుల చప్పుడు ఆగిపోయింది. మామ నా దగ్గరికి వచ్చాడు. "రాసుడు నీది కాదా?"

"కాదు మామా" అన్నాను. గొంతు నాది కాదు, పక్కింటివాడిది. "రాసేది వాళ్ళు. నేను ఎనక నుంచి చూసుకుంట పోత. ఏడన్న కూలెటట్టు ఉంటె చెప్త."

"చెప్తె ఇంటరా?"

జవాబు మేడం ఇచ్చింది. "రెండో టిక్కు రాకపోతే ఎట్లా అని ఇతను అడిగాడండీ. మేమే వద్దన్నాం."

మామ ఏదో అనబోయాడు. సరిగ్గా అప్పుడే పక్కనున్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు అయింది. మాకు రోజూ ఉండేదే, కిటికీ అద్దాలు గలగలమంటే మేం గడియారం సరిచేసుకుంటాం. సారు మాత్రం తన పెన్నే పేలిందనుకుని చెవులు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. అద్దాలు సద్దుమణిగాయి. ఆ నిశ్శబ్దంలో, లోపలి నుంచి, బత్తాయి దగ్గర నుంచి, స్పష్టంగా వినిపించింది.

టిక్కు.

(బ్లాస్టింగు అదురుకే స్ప్రింగు కదిలిందని మామ చివరిదాకా వాదించాడు. కాదు, మా ఊరి ఎండకు మందు పలచబడిందని సారు అన్నాడు. నేను కాపీ ఎడిటర్ని, ఇద్దర్నీ దిద్దలేదు.)

మామ గట్టిగా ఊపిరి వదిలి నా భుజం మీద చేయి వేశాడు. "నువ్వు టింబర్‌మన్‌వురా. బొగ్గు తీసెటోళ్ళ ఎనకంగ పోయి, పైకప్పు కూలకుంట దుంగలు నిలవెట్టెటోడు. టన్నులు లెక్కవెట్టేటప్పుడు వాని పేరు ఎవ్వలు తియ్యరు. వాడు లేకుంటె లెక్కవెట్టెటోడే ఉండడు." తర్వాత గొంతు తగ్గించాడు. "ఇగ మీ అవ్వకు చెప్పు, గొప్పలు బందు వెట్టుమని. ముహూర్తం నేను సూపిస్త."

పళ్ళెంలో ఒక గ్లాసు ఒలికింది. ఎవరి చేతిలోని పళ్ళెమో నేను చెప్పక్కర్లేదు.

కాగితంలో ఒక వాక్యం చేర్చాలని సాయంత్రానికి ఒప్పుకున్నారు. ఎవరు రాయాలి? మేడం రాస్తే మందు తప్పు, సారు రాస్తే స్ప్రింగు తప్పు. ఇద్దరూ నన్ను చూశారు. "రాయకూడదు కదండీ" అన్నాను, కొంచెం ఎక్కువ వినయంగా. "రాయి" అంది మేడం. చల్లదనం పోవాలంటే వాడే ముందు ఎంతసేపు బయట ఉంచాలో ఎవరికీ తెలియదు. మామ తలుపుకు కట్టిన తువ్వాల విప్పుకుంటూ, "అర్ధగంట" అన్నాడు. అదే రాశాను: పెన్నును ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచండి. తర్వాత ల్యాబులో ఏవేవో పరీక్షలు చేసి అరగంటే సరైనదన్నారట. నమ్మితే నమ్మండి.

ఇప్పుడు మామ లేడు, కీళ్ళనొప్పులు నాకు వచ్చాయి. ఏ కంపెనీదో ఒక పెన్ను మా ఫ్రిజ్‌లో ఉంటుంది, దాని కాగితంలోనూ అరగంట వాక్యం ఉంటుంది. ఇంటికి ఎవరొచ్చినా ఆ కాగితం విప్పి, "ఇది మొట్టమొదట రాసింది నేనే" అని చూపిస్తాను. హాల్లో దొంగతుమ్ము తుమ్మిన ఆ కుర్రాడు నాలో ఇంకా అట్లాగే ఉన్నాడు. వంటింట్లోంచి వెంటనే వినపడుతుంది: "బావా, రాసింది మా నాయిన. నువ్వు దిద్దినవ్, గంతే."

జవాబు చెప్పాలనే ఉంటుంది. కానీ పెన్ను బల్ల మీద ఉంది, అరగంట ఇంకా కాలేదు. అందాకా ఎవరూ దగ్గరికి పోకూడదు కదా.