నా బొటనవేలికి పన్నెండు ఫోన్లు

నవాగామ్‌లో పనికోసం వలసొచ్చిన మా తెలుగువాళ్ల ఇళ్ల లైన్లో ఎవరినడిగినా స్వప్న కాలేజీ సీటు సర్వర్ డౌన్ కావడం వల్లే పోయిందంటారు. మూడేళ్లుగా అదే మాట. అయ్యా, సర్వర్ నిక్షేపంగా ఉంది. పాడైంది నా బొటనవేలు. ఆ ఘనకార్యం ఎలా జరిగిందో ఇప్పటికైనా చెప్పేస్తాను. నవ్వొస్తే మొహమాటపడకండి.

నాది ఇడ్లీ బండి. మా లైనుకు ఉచిత వైఫై వచ్చిన కొత్తలో, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చన్న ధీమాతో ఆదివారాలు బండి పక్కనే ఫోన్ పాఠాలు మొదలుపెట్టాను. శిష్యులు పాండేసర రంగుల మిల్లుల్లో పనిచేసే పన్నెండుమంది. మొదటి పాఠంలోనే చిక్కొచ్చింది. మందునీళ్లలో నానీ నానీ వాళ్ల వేలిగీతలు అరిగిపోయాయి.

"నా పైసల్తోని కొన్న ఫోనే నన్ను ఎవడివిరా అంటున్నదన్నా!" అన్నాడు సాయిలు.

"నంబర్ పెట్టుకో తమ్మీ."

"మర్శిపోతనే. నువ్వే ఏదన్న జెయ్యి జర."

చేశాను. పన్నెండు ఫోన్లలోనూ నా బొటనవేలే ఎక్కించాను. తాళం నంబర్లు కూడా నేనే పెట్టి, భద్రంగా నా ఫోన్లో రాసుకున్నాను. మరి నా ఫోన్ తెరుచుకునేది? అదే వేలితో. దాని నంబర్ ఎప్పుడో మరిచిపోయాను. షిఫ్టుకు పోయేవాళ్లు బండి దగ్గర ఆగి ఫోన్ చాపితే, పీఠాధిపతిలా వేలు ఆనించి పంపేవాణ్ణి.

ఒకరోజు చట్నీకి కొబ్బరి కోస్తూ కత్తిని వేలిమీదే దించాను. ఐదు కుట్లు, గుమ్మడికాయంత కట్టు. ఊరికి శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందంటారు. నా బల్లి ఒకేసారి పదమూడు తొట్లలో పడింది.

ఆ సాయంత్రమే సాయిలు పరుగెత్తుకొచ్చాడు. ఆయన కూతురు స్వప్నకు నడిచిపోయేంత దూరంలో పాలిటెక్నిక్ సీటు వచ్చింది. ఇంటికంతటికీ ఉన్న ఆ ఒక్క ఫోన్‌కు ఓటీపీ వస్తుంది. ఆరింటిలోగా అది కొడితేనే సీటు ఖాయం.

"అన్నా, జల్ది తెరువు!"

కట్టు చూపించి నిజం చెప్పాల్సింది. కానీ గురువునాయె! కట్టును తువ్వాల కింద దాచి, అటు తిరిగి, తెరుచుకోని ఫోన్‌ను ఎడమచేత్తో నాలుగుసార్లు గీకాను.

"సర్వర్ డౌన్ తమ్మీ."

"అయ్యో! మరెట్లనే?"

"మనమేం జేస్తం?"

ఆరు దాటింది. సాయిలు నాకే మంచినీళ్లు తెచ్చిచ్చి, "నువ్వైతే శాన తిప్పలవడ్డవన్నా" అన్నాడు. ఆ నీళ్లు తాగేశాను కూడా.

మర్నాడు ఫోన్ల దుకాణంవాడు చెప్పాడు, సిమ్ తీసి ఇంకో ఫోన్లో వేస్తే ఓటీపీ అందులోకే వచ్చేదట. రెండు నిమిషాల పని. గురువుగారికి ఆ పాఠం రాదు.

రెండో విడతలో స్వప్నకు దొరికిన కాలేజీకి రెండు బస్సులు మారాలి. మూడేళ్లపాటు రోజూ నా బండి ముందునుంచే బస్సు కోసం పరుగెత్తింది.

మొన్న చదువు ముగించి, ఇకనుంచి పాఠాలు తాను చెబుతానంది. అప్పుడు నిజం కక్కాను.

"నాకెప్పుడో తెల్సు పెద్దబాపూ. సర్వర్ డౌనైతే గా రోజే పక్కింటి పూజకు సీటెట్ల ఖాయమైంది?"

"మరి నన్ను అడగలేదేంది బిడ్డా?"

"అడిగితే బాపు నీ తాన నేర్చుకునుడు బంద్ జేస్తుండె. ఇంకెవలు నేర్పుతుండె?"

ఆదివారం నన్ను కూడా ముందు వరుసలో కూర్చోబెట్టి, "ఎవల నంబర్ ఆళ్లే పెట్టుకోవాలె. నాకు గూడ చెప్పొద్దు" అంది.

కనుక వేడి ఇడ్లీపాత్ర మీద చెయ్యేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి ఫోన్‌కూ నేను తాళంచెవి కాను. రానిది రాదనే చెబుతాను. రేపు దీన్ని మా లైనువాళ్ల గ్రూపులో పెడతాను. సాయిలు తన ఫోన్ తానే తెరిచి చదువుకుంటాడు.