కొండ బొమ్మలో కింది సగం

ఇప్పుడు నా మనవరాలు ఫోను మీద వేలు ఆడిస్తే కొండలూ వాగులూ గిర్రున తిరిగిపోతున్నాయి. మేము పనిచేసిన కాలంలో కొండ అంత తేలిగ్గా కదిలేది కాదు, బొమ్మలో కూడా. బస్తరు ఇనుప గని ఆఫీసులో ఊడ్చి తుడిచే పనికి కుదిరినప్పుడు నాకు ముప్ఫై నిండలేదు, ఒక్క అక్షరం రాదు. మా ఆయన పైన డ్రిల్లు మీద పనిచేస్తూ, బండ జారి మీద పడి పోయాడు. అందుకే నాకీ పని ఇచ్చారు. ఆయన పోయిన మెట్టును (అక్కడ కొండను మెట్లు మెట్లుగా తవ్వుతారు) నేను చూడనేలేదు. చూద్దామనుకునేలోగా ఆ మెట్టును కూడా తవ్వేసి రైలెక్కించారు.

సర్వే గదిలో బట్టతల సారు ఉండేవారు. పాత పటాల కొలతలన్నీ కంప్యూటరుకు ఎక్కించి, మా ఆయన ఉన్నప్పటి కొండను మళ్లీ గీయిస్తున్నారు. యూనిక్స్ యంత్రమట, బియ్యపు డబ్బా అంత ఉండేది. శిఖరం నుంచి మొదలుపెట్టి గీత తరవాత గీత దించేది. ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య నేను వరండా అంతా తుడిచి రావచ్చు.

"ఏంది సారూ, గింత నిదానమా? మా ఊరి ముసలోళ్లు నయం."

"బొమ్మలు గీయడానికి దీనికి వేరే కార్డు ఉండాలమ్మా. పెద్దాఫీసు పంపిన కార్డు దీనికి పడలేదు. లెక్కలు కట్టేదీ, బొమ్మ గీసేదీ ఒక్క ప్రాసెసరే. అదీ పాతది."

"అంటే నా లెక్కనే. వండేది నేనే, ఊడ్చేది నేనే."

సారు నవ్వారు. "మీ ఆయన మెట్టు రాగానే పిలుస్తాను. ఇంకో వారం పది రోజులు."

నేను రోజూ చీపురు పట్టుకుని ఆ గది గుమ్మంలోనే తచ్చాడేదాన్ని. "దీదీ, నీ పిక్చర్‌కి ఇంటర్వెల్ అయిందా?" అని ప్యూను ఏడిపించేవాడు. సాయంత్రం పూట సారు అప్పటిదాకా వచ్చిన బొమ్మను కాగితం మీద తీసి సరిచూసుకునేవారు.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు గనిలో ఏ పనిముట్టూ నడవదు. లారీలకూ డ్రిల్లులకూ దండలేసి పడుకోబెడతారు. మా ఆయన అయితే ఇంట్లో కత్తిపీట కూడా ముట్టనిచ్చేవాడు కాదు. "దానికి గూడ ఒక దినం నిద్ర ఉండాలె" అనేవాడు. ఆఫీసులో దండలు వేయడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. అన్నీ నిద్రపోతున్నాయి, ఆ డబ్బా ఒక్కటే గుర్రుమంటూ గీతలు గీస్తోంది. దానికీ ఒక దండ వేశాను. తెర నుదుటికి బొట్టు పెట్టాను. స్విచ్చు దగ్గర అంటించిన కాగితానికీ ఒకటి పెట్టాను. "పండుకో నాయనా, మా ఆయన కోసం మస్తు కష్టపడ్డవు" అని దండం పెట్టి, స్విచ్చు ఆపేశాను. (కాసేపు కొంగుతో విసిరాను కూడా.)

మర్నాడు సారు ఎంతసేపు తంటాలు పడ్డా అది లేవలేదు.

"దీన్ని ఉన్నపళంగా ఆపకూడదమ్మా. ముందు దానికి చెప్పాలి, అది లోపలివన్నీ సర్దుకోవాలి. కొలతలన్నీ పోయాయి."

"నాకు ఎవ్వరు చెప్పలే సారూ."

"ఆపొద్దని రాసి పెట్టాను కదా..." అంటూ కాగితం చూపించబోయి ఆగిపోయారు. దాని నడిమధ్యన నా బొట్టు ఉంది. "చదువు రాని మనిషికి కాగితం అంటించాను. తప్పు నాదే" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

పాత పటాలు అప్పటికే పెద్దాఫీసుకు తిరిగి వెళ్లిపోయాయి. దీపావళి రాకముందే సారుకు బదిలీ అయింది. పోతూ పోతూ పూజకు ముందు రోజు సాయంత్రం తీసిన కాగితం నా చేతిలో పెట్టారు. పైన సగం కొండ. మా ఆయన మెట్టు ఆ తరవాత రావలసింది. కిందంతా తెలుపు.

నలభై దాటాక టౌన్‌షిప్‌లో ఆడవాళ్లకు చదువు చెబుతుంటే వెళ్లి కూర్చున్నాను. అందరూ ముందు తమ పేరు నేర్చుకున్నారు, నేను ఆయన పేరు నేర్చుకున్నాను. ఒక ఆదివారం ఆ కాగితం తీసి, తెల్లగా మిగిలిన చోట ఆయన పేరు రాశాను. నాలుగే అక్షరాలు. ఒక్కో గీతా గీసి, ఆగి, ఊపిరి పీల్చుకుని మళ్లీ గీసేసరికి పొద్దు వాలిపోయింది.

సారు ఉంటే నా నిదానం చూసి అనేవారేమో, "నీకూ కార్డు పడలేదమ్మా" అని.