మందు కొట్టని నాలుగు చెట్లు

షోపియన్ దగ్గర మూడొందల ఆపిల్ చెట్లున్న సోనావుల్లాకు భయం కొత్త కాదు. వడగళ్లంటే భయం, అకాలపు మంచు అంటే భయం, మండీ దళారీ నవ్వితే మరీ భయం. ఈ వసంతంలో పట్టుకున్నది మాత్రం చేజేతులా కొనితెచ్చుకున్నదే. పూతకు ముందు, చిగురు విప్పుకునే వేళ కొట్టే మందుల్ని పరీక్షిస్తానని వ్యవసాయ కళాశాల మసర్రత్ మేడమ్ పన్నెండు చెట్లు అడిగింది. సరేనన్నాడు. ఎనిమిది చెట్లకు తను తెచ్చిన మందులు కొట్టించి, మిగిలిన నాలుగింటికీ తెల్లగుడ్డలు కట్టిందామె.

"చాచా, వీటి జోలికి వెళ్లకండి. చుక్క మందు పడినా నా పరీక్ష మట్టికొట్టుకుపోయినట్టే."

"మరి పురుగు పడితే?"

"పడాలి. అప్పుడే కదా మా మందు పనిచేసిందో లేదో తేలేది!"

చెప్పడానికేం, ఎన్నైనా చెబుతారు! పదేళ్లప్పటి నుంచీ చెట్లెక్కినవాడు చీడను చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోగలడా? మూడేళ్ల కిందట పేనుబంక పట్టి ఆకులన్నీ ముడుచుకుపోతే, కాయ నిమ్మకాయంతే ఎదిగి, పంటంతా కారుచౌకగా రసం ఫ్యాక్టరీకి పోయింది. అందుకే ఈసారి మిగతా తోటకు ముందే ఊళ్లో దుకాణం మందు కొట్టేశాడు. అయినా ఆ నాలుగింటి నుంచి చీడ తోటంతా పాకుతుందేమోనని అన్నం సయించడం లేదు. పొద్దున లేస్తే వాటి దగ్గరే కాపలా, మిగతా తోట వైపు తిరిగి చూస్తే ఒట్టు.

పక్క తోట రంజాన్ ఊరుకుంటాడా? "పురుగుల్ని పెంచుతున్నావటగా సోనా! వాటికి పెళ్లిళ్లు కూడా చేస్తావా?" అని గోడ మీంచి అరిచాడు.

"మాటిచ్చావు కదయ్యా, పది రోజులు ఓర్చుకో," అంది భార్య జూనా, ఉప్పు చాయ్ పోస్తూ.

ఆరో రోజుకు ఓర్పు చచ్చింది. జూనా పుట్టింటికి వెళ్లిన పూట, డబ్బాలో మిగిలిన దుకాణం మందు కలిపి నాలుగు చెట్లనూ నిలువునా తడిపేశాడు. ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

పదో రోజున మేడమ్ వచ్చింది. భూతద్దం పెట్టి కొమ్మ కొమ్మా లెక్కపెట్టింది. ఆమె మందు కొట్టిన చెట్లు శుభ్రంగా ఉన్నాయి. ఆమె తెల్లగుడ్డల వైపు నడుస్తుంటే సోనావుల్లా వెనకే అడుగులో అడుగేశాడు. అక్కడ పురుగు కనబడకపోతే తన దొంగపని బయటపడుతుంది!

"అబ్బబ్బ! చిగురు చిగురుకూ పురుగు గుత్తులే," అని మురిసిపోయిందామె. "మాట నిలబెట్టుకున్నారు చాచా. మందు కొట్టకపోతే ఇదిగో, ఇలాగే ఉంటుంది."

గండం గడిచిందనుకున్నాడు. అంతలోనే అనుమానం తట్టింది. తను కొట్టాడే! తడిసి ముద్దయ్యేలా కొట్టాడే!

నోరు మూసుకుంటే పరువు దక్కుతుంది. కానీ తోట?

"నన్ను తిట్టమ్మా. మాట తప్పాను. నాలుగు రోజుల కిందట వీటికీ మందు కొట్టాను."

మసర్రత్ ముఖం మాడిపోయింది. "ఎంత పని చేశారు చాచా! ఏం మందు?"

అతను గట్టు దిగి, పది రోజులుగా చూడని తన చెట్లలో మొదటిదాని కొమ్మ వంచాడు. ముడుచుకున్న చిగురు విప్పితే వేళ్లకు పేనుబంక జిగురంటింది. రెండో చెట్టూ అంతే. మూడోదీ అంతే.

"వీటన్నిటికీ కొట్టిందే, ఆ దుకాణం మందే," అన్నాడు.