మసిగుడ్డకు క్షమాపణ పత్రం

మా ఆయన సబ్‌మెరైన్ ఇంజను గదిలో ఇరవై ఏళ్లు పనిచేసి, రిటైరై మేడ్చల్ దగ్గరి రావల్కోల్ వచ్చి స్థిరపడ్డాడు. ఇప్పుడు గేటు నుంచి గడప దాకా నడిస్తే ఆయాసంతో మధ్యలో ఒకసారి కూర్చోవాలి. ఊళ్లో అందరూ బీడీల వల్లే అంటారు. జన్మలో బీడీ ముట్టని మనిషి. నాకు ఒళ్లు మండుతుంది, ఆయనకేమో సిగ్గు.

మేడ్చల్ డాక్టరు ఎక్స్‌రే చూసి, ఊపిరితిత్తుల్లో ఆస్బెస్టాస్ పొడి పేరుకుందన్నాడు. సబ్‌మెరైన్లో వేడి గొట్టాలకు చుట్టే మందపాటి గుడ్డ దాంతో చేసిందే. ఆ గొట్టాల కిందే పడుకునేవాళ్లట. పొడి పళ్లెంలో రాలితే ఊదుకుని తినేవాళ్లట. డిజబిలిటీ పింఛనుకు దరఖాస్తు పెట్టాం. డబ్బు సంగతి అటుంచండి, ఆయనకు కావలసింది ఒక్క ముక్క: ఈ జబ్బు సర్వీసు వల్ల వచ్చిందని సర్కారు రాయాలి.

దరఖాస్తులో 'ఏ గదిలో, ఏ పని చేస్తుండగా' అన్నచోట ఈయన ఖాళీ వదిలేశాడు.

"నింపరాదయ్యా" అన్నాను.

"జెప్పొద్దే. అది రహస్యం. సంతకం బెట్టిన."

"ఆ సబ్‌మెరైన్ పాత ఇనుము కింద పోయి పదేండ్లాయె. ఇంకెవరికి రహస్యం, చేపలకా?"

నవ్వలేదు. నాకు తెలిసినంత నేనే నింపాను. ఆరు నెలలకు పింఛను బోర్డు నుంచి జవాబొచ్చింది. ఆ నౌకలో ఆస్బెస్టాస్ ఉన్నట్టు రికార్డు లేదు, ఆధారం తెండి, ఇంతకీ మీ ఇంటి కప్పు ఆస్బెస్టాస్ సిమెంటు రేకులదా? రేకులదే. మా ఊళ్లో సగం ఇళ్లవి రేకులే. సగం ఊరికీ ఈ ఆయాసం ఉందా మరి?

ఆధారం ఎక్కడి నుంచి తెస్తామని తిట్టుకుంటూ పొయ్యి మీది అన్నం గిన్నె దించాను. చేతిలో మసిగుడ్డ. అట్లాగే నిలబడిపోయాను. అది పెళ్లయిన కొత్తలో ఆయన తెచ్చింది. ఇంజను గదివాళ్లకు అదొక ఆచారం: గొట్టాలకు కొత్త గుడ్డ చుట్టినప్పుడు, పాతది కత్తిరించి అంచులు కుట్టి పెళ్లాలకు తెచ్చేవాళ్లు. నిప్పుల్లో వేసినా కాలదు. పెళ్లిళ్లలో బిర్యానీ గుండిగలు దించడానికి ఊరంతా అడిగి తీసుకుపోయేది. తిప్పి చూస్తే మూలన నౌక నంబరు ముద్ర కనిపించింది.

పింఛను ఆఫీసుకు మురికి గుడ్డ ఎట్లా పట్టుకుపోతాం? రాయికేసి బాది ఉతికి, ఆరాక దులిపి మడతపెట్టాను. మర్నాడు ఆయనతో కలిసి బస్సెక్కి, ఒళ్లో పెట్టుకుని సిటీకి తీసుకెళ్లాను.

బల్ల మీద పెట్టి, ఇది ఆస్బెస్టాస్ గుడ్డ సార్ అన్నానో లేదో, ఆఫీసరు లేచి వరండాలోకి పోయాడు. ఎవరో ఫ్యాన్లు ఆపారు. గుమాస్తాలు టిఫిన్ డబ్బాలు పట్టుకుని ఆఫీసరు వెనకే ఉరికారు. మేమిద్దరమే లోపల మిగిలాం. రికార్డులో లేని ఆస్బెస్టాస్‌కు ఇంత భయమెందుకో నాకర్థం కాలేదు. చివరికి ఒకతను ముక్కుకు రుమాలు కట్టుకొచ్చి, దాన్ని కర్రతో ఎత్తి రెండు సంచుల్లో వేశాడు.

ఆఫీసరు కిటికీ అవతల నుంచే మా ఆయన్ని అడిగాడు. "ముద్ర నౌకదే. సర్కారు సొత్తు మీ ఇంటికెలా వచ్చింది?"

"పారేస్తుంటే దెచ్చిన సార్."

"అనుమతి ఉందా?"

"లేదు సార్."

"అయితే దొంగతనమే. క్షమాపణ రాసివ్వండి."

ఆయన ముఖం చూడలేకపోయాను. సర్వీసులో ఒక్క మచ్చ లేదని చెప్పుకునే మనిషి. అయినా రాశాడు: ఫలానా నౌకలో, ఫలానా గొట్టం నుంచి ఆస్బెస్టాస్ గుడ్డ ఎత్తుకెళ్లాను, క్షమించగలరు. ఆఫీసరు ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. ఎన్ని నెలలు మొత్తుకున్నా నౌకలో లేని ఆస్బెస్టాస్, దొంగతనం కింద రికార్డుకెక్కింది. ఇక బోర్డు కాదనలేకపోయింది. రెండు నెలలకు కాగితం వచ్చింది: దొంగతనం క్షమించడమైనది, జబ్బు సర్వీసు వల్లనే కలిగినది.

ఆయన రెండుసార్లు పైకి చదివాడు. మూడోసారి నా చేతికిచ్చాడు. అడుగున ఇంకో వాక్యం ఉంది, అది నేను చదివాను: సదరు గుడ్డను వాడినవారు కూడా పరీక్ష చేయించుకోవలెను.

మేడ్చల్ డాక్టరు నా ఎక్స్‌రే వెలుగుకు పెట్టి చాలాసేపు చూశాడు. మా ఆయనది కూడా పక్కన పెట్టమన్నాడు. ఇన్నేళ్లూ నా దగ్గు పొయ్యి పొగ వల్లేననుకున్నాను.

మర్నాడు మా ఆయన ఒక్కడే సిటీకి పోయాడు, నాకూ అదే ముక్క రాయించుకొస్తానని. సాయంత్రం వచ్చి గడపలో కూలబడ్డాడు.

"ఏమన్నరు?"

"ఆమె ఏ సబ్‌మెరైన్ల పనిజేసిందని అడిగిన్రు."

నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపొచ్చింది. మాట మార్చాలని, నీ కాగితం ఫ్రేము కట్టిద్దాం, బీడీలన్నోళ్లంతా చూడనీ అన్నాను.

"వద్దే" అన్నాడు. "అండ్ల నీ పేరు లేదు."