మట్టి సారు గీసిన గీత

మట్టి సారు పోయారు. మంగళవారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేసి చెప్పాడు. మా బిడ్డ "యెస్, యెస్" అంటూ విని, ఫోన్ పెట్టేసి, పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే అలాగే చూస్తూ నిలబడింది. నేనే వెళ్లి స్టవ్ కట్టేశాను.

అమెరికాలో మన ఈ కమ్మింగ్ ఊళ్లో ఉండే మీలో చాలామంది ఆయనను చూసే ఉంటారు. పేరు తెలియకపోవచ్చు. కొత్త ఇళ్ల కోసం గుట్టను కోసిన చోటల్లా కారు పక్కకు ఆపి, ఆ ఎర్రటి గోడ ముందు గుడి ముందు నిలబడ్డట్టు నిలబడే పెద్దమనిషి. వేలితో గోకేవారు, వాసన చూసేవారు, జేబులోంచి చిన్న రంగుల పుస్తకం తీసి మట్టి పెళ్లను దాని పక్కన పెట్టి చూసేవారు. ఒకసారి పోలీసు కారు వచ్చి వెనక ఆగింది. ఏం చేస్తున్నారని అడిగితే "చదువుకుంటున్నాను" అని ఇంగ్లీషులో జవాబు చెప్పారు. నేను పక్కనే ఉన్నాను. ఆ పోలీసాయన కాసేపు చూసి, చివరికి తన ఇంటి వెనక గడ్డి ఎందుకు పెరగడం లేదో అడిగి తెలుసుకుని వెళ్లాడు.

నేను ఏడో తరగతి దాకా చదువుకున్నవాణ్ని. వరంగల్ దిక్కున ఎర్ర చెల్కల్లో పత్తి, కంది పండించి బతికాను. పత్రికకు రాయడం ఇదే మొదటిసారి. ఇంత దిగులూ ఇంత సంతోషమూ ఒక్క వారంలోనే వచ్చి పడ్డాయి. చెప్పుకోకపోతే గుండె ఊరుకునేటట్టు లేదు, తప్పులుంటే సర్దుకుని చదువుకోండి.

ఆయనను మొదట కలిసింది మా ఇంటి వెనక. ఎవరిదో కొత్త ఇంటి బేస్‌మెంటు కోసం తవ్విన గుంత అంచున కూర్చుని ఒక పెళ్లను చేతిలో నలుపుతున్నాను. వెనక నుంచి ఎవరో ఇంగ్లీషులో ఏదో అన్నారు. నన్ను పొమ్మంటున్నారనుకుని "సారీ, సారీ" అంటూ లేచాను.

"తెలుగువారా? కూర్చోండి, కూర్చోండి. అలా పొడిగా నలిపితే ఏం తెలుస్తుందండీ? కాస్త ఉమ్మేసి నలపండి."

"ఉమ్మేసుడేంది సారూ, భూమాత గద."

"నీళ్ల సీసా కార్లో మర్చిపోయానండీ. ఆవిడ ఏమీ అనుకోదు." అని ఆయన నిజంగానే అరచేతిలో ఉమ్మి, మట్టి కలిపి, బొటనవేలితో నొక్కుతూ రిబ్బనులా లాగారు. ఎంత పొడుగు సాగితే అంత బంకమట్టి అన్నమాట. నేను ఆ రిబ్బను చూసి ఆనందం పట్టలేకపోయాను.

"ఇది మా చెల్కనే సారూ. అచ్చం మా చెల్కనే. విమానం దిగిన కాన్నుంచి చూస్తున్న, మా ఊరే ఈడికి లేచొచ్చిందనుకున్న."

"పేరు పెట్టడానికి తొందరపడకండి అన్నగారూ. ముందు ఎలా ఉందో చెప్పండి. పేరు ఎక్కడికీ పోదు."

ఆయనది తెనాలి దగ్గర నల్లరేగడి నేల. కుర్రతనంలోనే ఈ దేశం వచ్చి, చదువుకుని, మట్టి సర్వేలో ఉద్యోగం చేశారు. ఇప్పుడు మనం షాపింగుకు తిరిగే ఈ చోట్లన్నీ అప్పట్లో కోళ్ల ఫారాలూ పశువుల బీళ్లూనట. నేలలోకి బర్మాతో బెజ్జం వేసి మట్టి పైకి తీయడం, చూసి రాసుకోవడం, ఇక్కడి దాకా ఈ రకం, ఇక్కడి నుంచి ఆ రకం అని మ్యాపు మీద గీత గీయడం, అదే ఆయన పని. రిటైరయ్యాక కూడా ఆ పని ఆయన్ను వదల్లేదు. గోళ్ల చుట్టూ ఎరుపు ఎంత కడిగినా పోయేది కాదు.

మా బిడ్డ సంగతి చెబితేగాని ఆయన మాకేం చేశారో మీకు తెలియదు. అది వ్యవసాయ కాలేజీలో చదివింది, మట్టి అంటే ప్రాణం. పెళ్లయి ఇక్కడికి వచ్చి, ఉద్యోగం చేయనివ్వని డిపెండెంట్ వీసా మీద ఏళ్లకేళ్లు ఇంట్లో కూర్చుంది. ఈఏడీ, అదే పని చేసుకోవడానికి అనుమతి కార్డు, వచ్చేసరికి చదువు పాతబడిపోయింది. అప్లై చేసిన చోటల్లా గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగేవాళ్లు, తర్వాత ఫోన్ ఉండేది కాదు. "నేనిగ ఇంతే బాపూ" అని ఒకరోజు అన్నం కలుపుతూ కలుపుతూ అంది. ఆ మాట నేను సారుకు చెప్పాను. "రేపు పొద్దున పాత బూట్లు వేసుకుని రమ్మనండి" అన్నారు.

అలా మొదలైంది. వారంలో కొన్ని పొద్దుటిపూటలు ఆయన పెరట్లోనో, తెలిసినవాళ్ల జాగాలోనో గుంత తీసేవాళ్లం. తవ్వకం నాది, వర్ణన దానిది, తప్పులు పట్టడం ఆయనది. పైపొర ఎంత మందం, రంగేమిటి, వేళ్లు ఎక్కడి దాకా దిగాయి, ఎక్కడ గట్టిపడింది, అన్నీ చెప్పించేవారు. మధ్యలో నేను తెచ్చిన సర్వపిండి, మా దిక్కు బియ్యప్పిండి రొట్టె, తినేవాళ్లం. మొదటిసారి కొరికి ఆయన దవడ పట్టుకున్నారు.

"అమ్మాయ్, మట్టి గట్టితనానికి క్లాసులున్నాయి కదా. మీ నాన్నగారు తెచ్చిన దీన్ని ఏ క్లాసులో వేద్దాం?"

"వెరీ హార్డ్, సర్."

"మీ ఆంధ్రోల్లకు పండ్లు లేక గట్లంటరు," అన్నాను నేను.

ఆ తర్వాత ఏ వారమైనా సర్వపిండి లేకుండా వెళితే డబ్బా మూత ఎత్తి చూసి ముఖం చిన్నబుచ్చుకునేవారు.

ఒకనాడు బిడ్డ చేతికి పెద్ద పరీక్షే పెట్టారు. గుంతతో పాటు ల్యాబు కాగితం, ఏళ్లనాటి వానల, ఎండల లెక్కలు ముందు పెట్టి, ఈ మట్టిది ఏ జాతో తేల్చమన్నారు. ఎర్రరంగు, కింద బంకమట్టి, పైన పలచని పొర. కాలేజీలో మా జిల్లా చెల్కకు చెప్పిన పేరునే బిడ్డ ధైర్యంగా చెప్పేసింది. ఆల్ఫిసాల్. నేను పక్కనుంచి "కరెక్టే సారూ, రోజూ నే చెప్తలేనా" అని వంత పాడాను.

ఆయన నవ్వి నవ్వి గుంత గట్టు మీద కూర్చుండిపోయారు.

"ఇద్దరూ కలిసి ఊరిని మోసుకొచ్చారన్నమాట. అమ్మాయ్, వాన లెక్క చూశావా? మీ వరంగల్లో నాలుగు నెలలు వాన, ఆ తర్వాత ఎండ. నీళ్లు దిగడం ఆగిపోతుంది, మట్టిలో సారం మట్టిలోనే మిగులుతుంది. ఇక్కడ జనవరి లేదు, జూన్ లేదు, నెలనెలా వానే. వేల ఏళ్లు కడిగీ కడిగీ సారమంతా లాక్కుపోయింది. ల్యాబు కాగితం కూడా అదే చెబుతోంది. ఇది అల్టిసాల్. చూపుకి అన్నదమ్ములే, ఇంటిపేర్లు వేరు." ఒక పెళ్ల బిడ్డ చేతిలో పెట్టి, "రంగు తల్లిరాయి పోలికమ్మా, గుణం వాన పోలిక" అన్నారు.

ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. ఇన్నేళ్లు ఇక్కడి వానలో తడిసిన మనుషులం కదా మనం కూడా.

పోయిన నెల ఒక చిన్న కంపెనీ నుంచి బిడ్డకు పిలుపు వచ్చింది. ఒక రోజు వాళ్లతో ఫీల్డుకు వెళ్లి, ఒక గుంతను ఒంటరిగా వర్ణించి జాతి తేల్చాలి. సరిగ్గా చేస్తే ఉద్యోగం. అప్పటికే సారు ఆసుపత్రిలో ఉన్నారు. చూడటానికి వెళ్లినప్పుడు ఆ జాగా ఏ రోడ్డు మీదో చెబితే, ఆయన కళ్లు మెరిశాయి.

"వాగు పక్కన పొడుగాటి బీడు, అంతే కదూ? ఆ మ్యాపు షీటు నేనే గీశానమ్మా. నా కుర్రతనం నాటి గీత."

"అయితే నాకు ఈజీ సర్. మీరెట్ల గీస్తే అట్లనే ఉంటది."

ఆయన ఏదో అనబోయారు. నర్సు వచ్చింది. మేం లేచి వచ్చేశాం. అదే చివరి చూపు.

మంగళవారం కబురు తెలిసింది, ట్రయల్ బుధవారం. బిడ్డ పోనంది.

"నాకు పోవాలనిపిస్తలేదు బాపూ. కళ్లు కనిపిస్తలేవు."

"కళ్లు రంగు చూసేదానికేనాయె. మిగిలింది చేతుల్తోని చూడు. సారు ఉంటే నిన్ను ఇంట్ల కూసోనిస్తుండెనా?"

"నువ్వు నాతోని వస్తవా?"

"వస్త బిడ్డా. కార్ల కూసుంట."

కార్లో ఎంతసేపు కూర్చుంటాను, కాసేపటికి దిగి కంచె దగ్గర నిలబడ్డాను. కంపెనీ యజమానురాలు తెల్ల జుట్టు అమెరికన్ ఆమె, మ్యాపు పరిచి పట్టుకుని ఉంది. గుంతలో బిడ్డ భుజాల దాకా దిగిపోయింది. పైపొర నుంచి మొదలుపెట్టి వరసగా గట్టిగా చెబుతోంది. ఎరుపు దగ్గరికి వచ్చింది. ఇంకా దిగింది. అక్కడ ఆగిపోయింది. ఒక పెళ్ల తీసి వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది.

ఎర్రమట్టిలో బూడిదరంగు మచ్చలు కనిపించాయట. గుంత ఆ రోజు ఎండిపోయే ఉంది. అయినా ఆ మచ్చలుంటే శీతాకాలం వానలకు అక్కడ నీళ్లు నిలబడతాయని అర్థం. మ్యాపులో మాత్రం ఆ జాగా నీళ్లు నిలవని ఎర్రనేల. తడినేల గీత ఇంకా కింద, వాగు ఒడ్డున ఉంది. ఆ బీట్లో ఇల్లు కట్టుకుని సెప్టిక్ వేసుకోవాలని ఒక కుటుంబం ఎదురుచూస్తోంది. తడినేల అయితే సెప్టిక్‌కు అనుమతి రాదు; మ్యాపు ప్రకారం చెబితే అందరికీ సుఖం. ఆ మ్యాపు గీసిన చెయ్యి నిన్ననే చల్లబడింది.

బిడ్డ పైకి చూసింది. నా వంక చూసిందో, ఆకాశం వంక చూసిందో తెలియదు.

"ద మ్యాప్ ఈజ్ రాంగ్ హియర్," అంది. గీత ఇంకా పైకి జరగాలని, ఈ జాగా కూడా తడినేలలోకే వస్తుందని, అల్టిసాల్‌లో నీళ్లు నిలిచే రకమని, వాన లెక్కలు చెప్పి, మచ్చలు చూపించి వివరించింది.

యజమానురాలు కిందికి దిగి, తన చేత్తో ఒక పెళ్ల తీసి చూసింది. "ఈ షీటు ఎవరు గీశారో నీకు తెలుసా?" అని అడిగింది. నాకు ఆ మాత్రం ఇంగ్లీషు అర్థమవుతుంది.

"ఐ నో," అంది మా బిడ్డ.

ఉద్యోగం ఇచ్చారు. అక్కడికక్కడే చెయ్యి కలిపి చెప్పారు. నా బిడ్డ, నా బంగారం, ఇన్నేళ్ల తర్వాత తన చదువుకు తను మళ్లీ యజమానురాలైంది. కంచె పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాను. సంతోషం ఎంత, సారుకు చెప్పుకోలేని బాధ ఎంత, వేరు చేయడం నా వల్ల కాలేదు. ఈ కబురు విని ఆయన ఏమనేవారో నాకు తెలియాలి. ఇక తెలియదు. నిన్న కూడా వాకింగ్‌లో కొత్తగా కోసిన గుట్ట కనబడితే, దాని పక్కన కారు ఆగి ఉందేమోనని చూశాను.

యజమానురాలు కారెక్కాక బిడ్డ గుంత పూడ్చడం మొదలుపెట్టింది. సాయం వస్తానంటే వద్దంది. బూడిదమచ్చల మట్టి ముందు వేసింది. దాని మీద ఎర్రది వేసి కాలితో తొక్కింది. పైపొర మట్టిని చివరికి ఉంచి చేతులతో సర్దింది. గడ్డిని ముందే చాపలా కోసి నీడలో పెట్టింది కాబోలు, దాన్ని తెచ్చి పైన పరిచి, పసిబిడ్డకు జో కొట్టినట్టు అరచేతులతో తట్టింది. మేం కారు దగ్గరికి వచ్చి వెనక్కి చూసేసరికి గుంత ఎక్కడుందో కనిపించలేదు. ఎక్కడి నుంచో ఒక రాబిన్ పిట్ట వచ్చి ఆ గడ్డి మీద వాలింది. తల పక్కకు వంచి, కింద ఏదో వింటున్నట్టు కదలకుండా నిలబడింది.